అంత సముద్రంలో కాకిరెట్టంతేనా?

ఫ్యాక్టరీ పైపు సముద్రంలోకి వేస్తామన్న ప్రతిచోటా ఒకే మాట. ప్రజాభిప్రాయ సేకరణ సభలో వేదిక మీదివాళ్లు అంటారు, కింద చదువుకున్నవాళ్లు తలూపుతారు: అంత సముద్రంలో ఈ కాసిని నీళ్లెంత, కాకిరెట్టంత! దాని వెనకాలే రెండో మాట వస్తుంది. చేపలు తేలితే మత్స్యశాఖ ఉంది, తాబేళ్లు కొట్టుకొస్తే అటవీ శాఖ ఉంది. ఇంతకీ మనుషులకేమైనా అయిందా? అయితే చూపించండి.

మొదటి మాటలో ఉన్నది లెక్క తప్పు. రెండోది నాకు మరీ భయం పుట్టిస్తుంది. మనుషులు పడిపోయేదాకా ఆగుదామని పెద్దమనిషి తరహాలో చెప్పడమే అది.

అలా ఆగి చూసిన ఊరొకటి ఉంది. జపాన్‌లోని మినమాటా. అక్కడ చిస్సో కంపెనీ 1932 నుంచి ఎసిటాల్డిహైడ్ తయారుచేస్తూ, పాదరసం కలిసిన వ్యర్థాలను అఖాతంలోకి వదిలింది. 1950ల మొదట్లోనే చేపలు తేలాయి. కాకులు ఎగురుతూ ఎగురుతూ రాలిపడ్డాయి. జాలరి ఇళ్లలో చేప ముక్కలు తిని బతికే పిల్లులు తూలి, గిరగిరా తిరిగి, వెళ్లి సముద్రంలో పడి చచ్చాయి. 1954 ఆగస్టులో స్థానిక పత్రికలో ఓ వార్త వచ్చింది: ఒక జాలరి పల్లెలో పిల్లులన్నీ చచ్చిపోయాయి, ఎలుకలు విపరీతంగా పెరిగాయి, వాటి పని పట్టమని ఊరివాళ్లు పట్టణ అధికారులను అడుగుతున్నారు. వంద పిల్లుల చావు ఆఫీసు దాకా వెళ్లేసరికి ఎలుకల సమస్య అయి కూర్చుంది. పిల్లీ పిల్లవాడూ ఒకే చట్టిలో చేప తింటున్నారు కదా అన్న ఆలోచన ఏ శాఖ పరిధిలోకీ రాలేదు మరి.

రెండేళ్లు తిరక్కుండానే, 1956 ఏప్రిల్‌లో, ఐదేళ్ల పాపను ఆసుపత్రికి తెచ్చారు. నడవలేదు, మాట తడబడుతోంది, వణుకుతోంది. తర్వాత ఆమె చెల్లెలికీ అదే. మే 1న ఫ్యాక్టరీ సొంత ఆసుపత్రి పెద్ద డాక్టరు హొసొకావా హజిమె, కారణం తెలియని నరాల జబ్బు వచ్చిందని ఆరోగ్య కార్యాలయానికి తెలిపాడు.

ఇక కాకిరెట్ట వాదానికి పరీక్ష కూడా అక్కడే జరిగింది. 1958లో కంపెనీ తన వ్యర్థాల మార్గాన్ని రేవు వైపు నుంచి నది మొగకు మళ్లించింది. నీళ్లు ఎక్కువ, ప్రవాహం ఎక్కువ, కలిసిపోవాలి కదా? నది మొగ చుట్టుపక్కల, ఆ పైన తీరం వెంట కొత్త ఊళ్లలో కొత్త రోగులు పుట్టుకొచ్చారు.

ఎందుకంటే ఆ వ్యర్థాల్లోని మిథైల్ పాదరసం నీళ్లలో పలచబడినా, ప్రాణుల్లో చిక్కబడుతుంది. నాచు నుంచి నలుసంత పురుగులోకి, పురుగు నుంచి చిన్న చేపలోకి, దాన్నుంచి పెద్ద చేపలోకి ఎక్కుతూ, నీళ్లలో ఉన్నదానికి లక్షల రెట్లు అవుతుంది. కండలో మాంసకృత్తులను పట్టుకుని ఉంటుంది గనక ఉప్పూ పసుపూ వేసి ఎంత రుద్ది కడిగినా పోదు, ఎంత ఉడికించినా పోదు. తల్లి మాయను దాటి కడుపులో బిడ్డను చేరుతుంది. పైకి ఆరోగ్యంగానే ఉన్న తల్లులకు మినమాటాలో మెదడు దెబ్బతిన్న పిల్లలు పుట్టారు. మనవాళ్లు కొందరు ఎండిన బొడ్డుతాడును తాయెత్తులో దాచినట్టే జపాన్ వాళ్లూ చిన్న పెట్టెలో దాచుకుంటారు. హరదా మసజుమి అనే వైద్యుడు ఆ పెట్టెలు తెరిపించి, ఎండిన బొడ్డుతాళ్లలో పాదరసం ఉందని చూపించాడు.

హొసొకావాకు రుజువు అంతకు చాలా ముందే దొరికింది. 1959లో ఫ్యాక్టరీ వ్యర్థాన్ని తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టాడు. దాని నంబరు 400. అక్టోబరులో ఆ పిల్లికి మూర్ఛలు మొదలయ్యాయి. యాజమాన్యం ప్రయోగాలు ఆపించింది, ఫలితాన్ని దాచింది. డిసెంబరులో శుద్ధి యంత్రం బిగించి ప్రారంభోత్సవం చేసింది. కంపెనీ అధ్యక్షుడు గ్లాసు నీళ్లు పట్టుకుని అందరి ముందూ తాగాడు. ఎసిటాల్డిహైడ్ విభాగం వ్యర్థాలు అప్పుడు ఆ యంత్రంలోకి వెళ్లడమే లేదు! శుద్ధిచేసే వదులుతున్నామని ఎవరైనా అంటే నాకు ఆ గ్లాసే గుర్తొస్తుంది. కారణం ఫలానా అని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968 సెప్టెంబరులో. ఆ ఉత్పత్తి అప్పటికి నాలుగు నెలల కిందటే ఆగిపోయింది.

అది పాత కథ, అక్కడిది, ఇప్పుడు చట్టాలున్నాయి అంటారు. సరే, మన తీరం చూద్దాం. ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లలో ఎక్కువ ట్రాలర్ వలల్లో ఊపిరాడక చచ్చినవే. ప్రతి కళేబరాన్నీ ఫ్యాక్టరీ ఖాతాలో రాయడం అబద్ధమే అవుతుంది. మన పైపుల్లో పాదరసం ఉందనీ నేననడం లేదు. ఏముందో చూసే తీరును గురించే నా పేచీ. 2025లో ఉప్పాడ మత్స్యకారులు ఫార్మా వ్యర్థాలతో చేపలు పోతున్నాయని రోడ్డు మీద కూర్చున్నారు. మాటంతా వేట, పరిహారం చుట్టూ తిరిగింది. అవీ కావాల్సినవే. కానీ ఆ చేపలనే ఏళ్ల తరబడి వండుకు తిన్న ఇళ్లలోని ఆరోగ్యం సంగతి ఎంతమంది ఎత్తారు?

మన కోస్తాలో బాలింతకు పాలు పడతాయని సొరపుట్టు పెడతారు. చిన్న పాలసొర ముళ్లు తీసి, పొడిగా వేయించి, వేడన్నంలో కలిపి. సొర వేటాడి తినే చేప. పెద్ద సొరల్లో పాదరసం పేరుకుంటుందనే, గర్భిణులూ పాలిచ్చే తల్లులూ సొర తినొద్దని అమెరికా ఆహార సంస్థ చెబుతోంది. దీంతో చేపలంటే హడలిపోనక్కర్లేదు. నెత్తళ్లు, కవళ్ల వంటి చిన్న చేపల్లో ఆ బెడద తక్కువ, పోషణ ఎక్కువ. జాలరి పొట్టకొట్టే పుకారు నాకొద్దు. పుకారు పుట్టేది పరీక్ష లేనిచోటే.

పరీక్ష కష్టమేం కాదు. చేపలు తేలిన వారంలోనే చేప నమూనాతో పాటు ఆ ఊరి మనుషులవీ తీయాలి, రెండు ఫలితాలూ ఒకే కాగితం మీద రావాలి. నీటి నమూనా కాలుష్య నియంత్రణ మండలికి, కళేబరం అటవీ శాఖకు, ఒళ్లు తిమ్మిరని వచ్చిన మనిషి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఇలా మూడు దారుల్లో పోతే ఆ మూడూ ఎక్కడా కలవవు. పాదరసమైతే నాలుగు తలవెంట్రుకలు చాలు. మినమాటా తీరంలో 1960 నుంచి ఆ పనీ చేశారు. గోషోనౌరా దీవిలో ఒకామె జుట్టులో 920 పీపీఎం తేలింది. అది తెలిశాక కూడా వ్యర్థాలు ఏళ్ల తరబడి సముద్రంలోకి వెళ్తూనే ఉన్నాయి. ఇక్కడ పరీక్షంటూ చేస్తే, ఫలితం ముందు జుట్టు ఇచ్చినావిడ చేతికి రావాలి, ఆ తర్వాతే దస్త్రంలోకి.