అప్పు తెచ్చిన రూపాయి ఎక్కడికి పోతోంది?

2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాల ప్రకారం ఖజానాకు వచ్చే ప్రతి రూపాయిలో 24 పైసలు అప్పు. ఖర్చయ్యే రూపాయిలో 20 పైసలు పాత అప్పుల వడ్డీకే పోతాయి. మూలధన వ్యయానికి రూ.11.21 లక్షల కోట్లు చూపితే, వడ్డీలకు రూ.12.76 లక్షల కోట్లు చూపారు. చర్చ మాత్రం రూ.12 లక్షల దాకా ఆదాయ పన్ను లేదన్న ప్రకటన దగ్గర, ద్రవ్యలోటు జీడీపీలో 4.4 శాతమన్న అంకె దగ్గర ఆగిపోయింది.

ఎదుగుతున్న దేశం అప్పు చేయడం తప్పు కాదు. పల్లె రోడ్డుకు, సాగునీటి కాలువకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ప్రైవేటు పెట్టుబడి రాదు. కరోనా ఏడాది 2020-21లో ద్రవ్యలోటు 9.2 శాతానికి చేరింది. ఉచిత రేషన్, ఉపాధి హామీ పనులు ఆ రోజుల్లో కోట్లాది కుటుంబాలను నిలబెట్టాయి. అప్పుడు ద్రవ్యలోటుకు చట్టం చెప్పిన 3 శాతం గీత దాటడమే సరైన పని. నా అభ్యంతరం లోటు పరిమాణం మీద కాదు, అందులో ఏముందో అడగడం మానేయడం మీద.

2003లో వచ్చిన ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ (ఎఫ్‌ఆర్‌బీఎం) చట్టం మొదట రెండు హద్దులు పెట్టింది. ద్రవ్యలోటును తగ్గించాలి, రోజువారీ ఖర్చుల కోసం చేసే అప్పును, అంటే రెవెన్యూ లోటును, పూర్తిగా తుడిచేయాలి. 2018 సవరణలో ఈ రెండో హద్దును తీసేశారు. అది పొరపాటు. 2025-26 అంచనాల్లో ద్రవ్యలోటు రూ.15.69 లక్షల కోట్లు, అందులో రెవెన్యూ లోటు రూ.5.24 లక్షల కోట్లు. అంటే అప్పులో మూడో వంతు రెవెన్యూ ఖర్చులకే. ఇందులో రాష్ట్రాలకు ఆస్తుల కల్పన కోసం ఇచ్చే గ్రాంట్లూ కలిసి ఉంటాయన్న వాదన నిజమే. టీచరు జీతం, టీకా ఖర్చు రెవెన్యూ పద్దులో ఉన్నంత మాత్రాన వృథా కావన్నదీ నిజమే. అలాంటప్పుడు నిర్వచనాన్ని సరిదిద్దాలి గానీ హద్దునే చెరిపేస్తే ఎలా?

ఒకే అంకె మీద చూపు నిలిపితే దాన్ని దాటే దారులు పుడతాయి. ఏళ్ల తరబడి ఆహార సబ్సిడీ భారాన్ని భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) చేత చిన్నమొత్తాల నిధి నుంచి అప్పు చేయించి బడ్జెట్ బయట ఉంచారు. 2020-21లో ఆ బాకీ తీర్చడం, కరోనా రేషన్ వల్ల రూ.1.16 లక్షల కోట్ల ఆహార సబ్సిడీ కేటాయింపు సవరించిన అంచనాల్లో రూ.4.22 లక్షల కోట్లు దాటింది. తెలంగాణలో కాళేశ్వరం ఎత్తిపోతల పథకానికి కార్పొరేషన్ పేరుతో అప్పులు తెచ్చారు. అలాంటి అప్పులను కేంద్రం రాష్ట్రాల రుణ పరిమితిలో కలిపి లెక్కిస్తోంది. ఆ కట్టుబాటు తనకూ వర్తించాలి.

వీటన్నిటి కంటే బాధించేది బకాయిల సంగతి. మన ప్రభుత్వ లెక్కల్లో డబ్బు చెల్లించిన రోజే ఖర్చు కింద నమోదవుతుంది. పని పూర్తయినా బిల్లు ఆపేస్తే ఆ ఏడాది లోటు తగ్గినట్టే కనిపిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ పాలనలోనైనా, ఇది మామూలైపోయింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేస్తాయి. ఆరోగ్యశ్రీ సొమ్ము అందలేదని ఆసుపత్రులు సేవలు నిలిపేస్తాయి. చిన్న కాంట్రాక్టరు బయట వడ్డీకి తెచ్చి కూలీలకు ఇస్తాడు, లేదా ఇవ్వలేక తప్పించుకు తిరుగుతాడు. ప్రభుత్వం తాను చేయాల్సిన అప్పును విద్యార్థి మీదికి, రోగి మీదికి, కూలీ మీదికి నెడుతోంది. వారి బాకీని ఏ లోటు అంకె కూడా లెక్కించదు.

రెవెన్యూ లోటు హద్దును, సరిచేసిన నిర్వచనంతో, పార్లమెంటు మళ్లీ చట్టంలో చేర్చాలి. చెల్లించని బిల్లులు శాఖలవారీగా ఎంతెంత ఉన్నాయో ప్రతి బడ్జెట్‌తో పాటు చట్టసభ ముందు పెట్టడాన్ని తప్పనిసరి చేయాలి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో మీ ఎమ్మెల్యేను, ఎంపీని ఈ రెండింటి గురించీ అడగండి.