30 మిల్లీలీటర్లకు అందని రుచి

పొగబెట్టిన మిరపకాయలతో చేసిన నల్ల బీరు అనగానే ఎవరైనా ముందు అడిగేది ఒక్కటే: ఎంత కారం? తెలుగువాళ్లైతే ఇంకాస్త ధీమాగా అడుగుతారు, గుంటూరు కారం తిన్న నాలుకకు ఇదో లెక్కా అన్నట్టు. అమెరికాలో ఈ రకం బీర్లు చేసేవాళ్లలో కొందరు ఆ ప్రశ్నకే జవాబు చెప్పబోయి బీరును పాడుచేసుకున్నారు. సీసాలో మిరపకాయను నిలువునా దించి అమ్మిన బీర్లూ వచ్చాయి. అవి పందేలకూ నవ్వులాటకూ పనికొచ్చాయి తప్ప భోజనం పక్కన నిలబడలేదు. అదే దేశంలో పొగ, మిరప, నల్లగా వేయించిన మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) మూడూ ఒకదానికొకటి చోటిచ్చుకునే పోర్టర్లనే నల్ల బీర్లు కూడా ఉన్నాయి. కాలిఫోర్నియాలో 1996లో మొదలైన స్టోన్ బ్రూయింగ్ తన 5.9 శాతం ఆల్కహాలున్న స్మోక్డ్ పోర్టర్‌కు చిపోట్లే అనే పొగబెట్టిన మిరపకాయలు జోడించి తెచ్చిన బీరు వాటిలో బాగా పేరున్నది. ఇలాంటి బీరు మంచిదో కాదో తేల్చడానికి ఇప్పుడు వాడుతున్న పద్ధతే తప్పన్నది నా వాదన. ఒక్క గుక్కతో తీర్పు చెబితే కారం మితిమీరిన బీరు గెలుస్తుంది, కుదిరిన బీరు ఓడిపోతుంది.

ఎందుకో తెలియాలంటే నోట్లో ఏం జరుగుతుందో చూడాలి. కారం నిజానికి రుచి కాదు. ఉప్పు, పులుపు, తీపి, చేదులను పట్టుకునే రుచిమొగ్గలకు దానితో పనిలేదు. మిరపలోని క్యాప్సైసిన్ పోయి తగిలేది వేడినీ నొప్పినీ కనిపెట్టే నరాల మీది టీఆర్‌పీవీ1 అనే గ్రాహకానికి. 1997లో దాన్ని బయటపెట్టిన డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరు. ఆ నరాలు మొదటి దెబ్బకే పూర్తి లెక్క చెప్పవు. నిమిషానికోసారి అదే మోతాదు తగులుతుంటే మంట పెరుగుతూ పోతుంది. పది పదిహేను నిమిషాలు ఆపి మళ్లీ మొదలుపెడితే అంత మంట అనిపించదు. మొదటి ముద్దకు పర్లేదనిపించిన ఆవకాయ నాలుగో ముద్దకు ముక్కు కారేలా చేయడం ఇలాంటిదే. అయితే ఆవకాయ అన్నంలో నెయ్యి ఉంటుంది, చివర్లో పెరుగు ఉంటుంది. క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుంది, పాలపదార్థాల్లోని కేసిన్ దాన్ని నాలుక మీంచి ఊడ్చుకుపోతుంది. బీరులో ఈ రెండూ లేవు. పైగా ఆల్కహాలు ఆ గ్రాహకాన్నే మరింత సున్నితం చేస్తుంది. బీరులోని కార్బన్ డయాక్సైడ్ నోట్లో కార్బోనిక్ ఆమ్లంగా మారి తన చురుకు తాను పెడుతుంది. నమిలే పని లేదు కాబట్టి బీరు నాలుక మీద నిలవకుండా జారిపోతుంది. అందుకే ఈ బీరులో మంట నాలుక కొసన కాక, మింగిన తర్వాత కాస్త ఆగి గొంతులో మొదలవుతుంది. ఆ సమయానికి ఒక్క గుక్కతో సరిపెట్టుకున్న మనిషి గ్లాసు కింద పెట్టేసి ఉంటాడు.

పొగ నడక దీనికి సరిగ్గా ఎదురు. కట్టెలోని లిగ్నిన్ కాలినప్పుడు పుట్టే గ్వాయకాల్, సిరింగాల్ వంటి ఫీనాల్స్ మాల్టుకు పట్టి బీరులోకి వస్తాయి. అవి ముందు ముక్కును పట్టుకుంటాయి. ఏ వాసనకైనా ముక్కు తొందరగానే అలవాటు పడుతుంది కాబట్టి గ్లాసు సగమయ్యేసరికి పొగ వెనక్కి తగ్గుతుంది. జర్మనీలోని బాంబెర్గ్ పట్టణం దీనికి సాక్ష్యం. అక్కడి ష్లెంకెర్లా బ్రూవరీ వాళ్లు ఇప్పటికీ బీచ్ కట్టెల మంట మీద ఆరబెట్టిన మాల్టుతోనే బీరు చేస్తారు. కొత్తవాళ్లకు మొదటి గుక్కలో పొగబెట్టిన పంది మాంసం తప్ప ఇంకేమీ తోచదు. మొదటి గ్లాసుతోనే తేల్చేయకండని ఊరివాళ్లు చెప్పడం అందుకే. పొగ తెర పల్చబడ్డాక మాల్టు తీపి దానంతటదే పైకి వస్తుంది. ఇప్పుడు ఈ రెండు నడకలనూ ఒకే గ్లాసులో పెట్టి చూడండి. మొదట్లో పొగ ఎక్కువ, కారం లేదు. చివర్లో కారం ఎక్కువ, పొగ దాదాపు లేదు. ఒకటి దిగుతూ ఇంకొకటి ఎక్కుతూ మధ్యలో ఎక్కడో రెండూ సమానంగా కలుస్తాయి. కాఫీ, చాక్లెట్, మాడిన చక్కెరను గుర్తుచేసే నల్ల మాల్టు వినిపించాల్సింది ఆ చోటనే. అక్కడ బీరు రుచి దొరికితే తయారుచేసినవాడు గెలిచినట్టు. అక్కడ కూడా మంటే మిగిలితే మిరపకాయలు ఎక్కువైనట్టు, ఖాళీగా అనిపిస్తే మాల్టు చాలనట్టు.

పోటీల్లో, ఉత్సవాల్లో ఈ మధ్యభాగం దాకా ఎవరూ పోరు. అమెరికాలోని డెన్వర్‌లో జరిగే గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లో సందర్శకులకు ఒక్కో బీరూ ఔన్సు చొప్పున, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు పోయడం ఆనవాయితీ. డజన్ల కొద్దీ బీర్లు చూడాలనుకునేవాళ్లకు అంతకంటే ఎక్కువ పోయడం మంచిది కూడా కాదు. లేత రంగు లాగర్‌కు ఆ కాస్తతో పెద్దగా అన్యాయం జరగదు. పొగా మిరపా కలిసిన పోర్టర్‌కు మాత్రం అది కథ మొదలుకాకుండానే తెర దించేయడమే. పైగా అంతకుముందు తాగిన బీరులోని కారం నరాల్లో ఇంకా నిలిచే ఉంటుంది, దాని లెక్క తర్వాతి దాని ఖాతాలో పడుతుంది. ఇక కారాన్ని అంకెల్లో చెప్పే స్కోవిల్ కొలత సంగతి. 1912లో విల్బర్ స్కోవిల్ చేసింది, మిరప సారాన్ని చక్కెర నీళ్లతో పల్చన చేస్తూ, చేస్తూ, రుచిచూసేవాళ్లకు మంట తెలియని చోట ఆపడం. మెక్సికో మిరప హలపేన్యోకు 2,500 నుంచి 8,000 దాకా వస్తుంది. మన ఎండుమిరప రకాలు చాలావరకు దాన్ని ఎన్నో రెట్లు దాటిపోతాయి. అంకె పెద్దదైనంత మాత్రాన బీరుకు మేలు జరగదు. ఎంత పల్చన చేస్తే మంట పోతుందో చెప్పే కొలత, మంట ఎప్పుడు మొదలవుతుందో, దేని పక్కన కూర్చుంటుందో చెప్పదు.

అభ్యంతరాలు లేకపోలేదు. బీరంటే బార్లీ, హాప్స్, నీళ్లేనని, మిగతాదంతా కల్తీయేనని కొందరంటారు. 1516 నాటి బవేరియా శాసనాన్ని చూపిస్తారు. ఆ శాసనం బీరు ధరనూ కట్టడి చేసింది. గోధుమను రొట్టెలవాళ్లకు మిగల్చడమూ దాని వెనకున్న ఉద్దేశమని చెబుతారు. రుచికి అదే ఆఖరి మాట ఎలా అవుతుంది? పొగ విషయానికొస్తే, అది కొత్త విపరీతం కాదు. మాల్టును కట్టెల మంట మీద ఆరబెట్టినన్నాళ్లూ బీరుకు ఎంతో కొంత పొగ అంటేది. పొగలేని కోక్ బొగ్గు వచ్చాకే అది తప్పింది. 1817లో డేనియల్ వీలర్ తిరిగే పీపాలో మాల్టు వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక పోర్టర్‌కు నల్లరంగు పొగతో సంబంధం లేకుండానే దొరికింది. మన ఇళ్లలో పాలు పొగచూరితే పారబోస్తాం కదా అంటే, నిజమే. అక్కడ పొగ పిలవకుండా వచ్చింది. ఇక్కడ కావాలని పిలిచారు, ఎంత ఉండాలో లెక్కగట్టి ఉంచారు.

కాస్త బలమైన అభ్యంతరం ఇంకోటి ఉంది: ఇంత తంటాలెందుకు, మామూలు బీరు పక్కన మిరపకాయ బజ్జీ పెట్టుకుంటే పోదా? బజ్జీని తక్కువ చేయడం నా తరం కాదు. కానీ బజ్జీలో కారం నూనెలో, శనగపిండిలో ఇంకిపోయి మెల్లబడుతుంది. ఆ నూనె పెదాలకంటి గ్లాసులో పడితే నురగ కూడా నిలవదు. బీరులో ఊరిన మిరప వేరు. కారం ఎక్కువగా గింజలు అంటుకునే లోపలి తెల్లటి పొరలో ఉంటుంది కాబట్టి దాన్ని గీకేసి కండను మాత్రమే నానబెట్టొచ్చు. ఎండుద్రాక్షలాంటి తీపి, కాస్త పులుపు, పొగ బీరులోకి దిగుతాయి, మంట అదుపులో ఉంటుంది. ఏ బజ్జీకీ ఈ వెసులుబాటు లేదు.

అన్నిటికంటే గట్టిది మద్యం గురించిన అభ్యంతరం. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన నేలలో బీరు రుచుల మీద వ్యాసమా అంటే తోసిపుచ్చలేను. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి ముప్పులేదని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. రుచి తెలిసి తాగితే ఆ ముప్పు తగ్గుతుందని ఈ వాదన చెప్పడం లేదు, తాగనివాళ్లను తాగమనీ అనడం లేదు. అయితే మన మార్కెట్లో బీరును ఇప్పటికే రెండే కొలతలతో కొంటున్నారు: ఎంత స్ట్రాంగ్, ఎంత చల్లన. మంచుగడ్డలా చల్లబడిన బీరులో పొగ వాసన గ్లాసు దాటి పైకి రాదు, మాల్టూ నోరు విప్పదు; నల్ల పోర్టర్‌కు పది పన్నెండు డిగ్రీలు నయం. ఎంత కారం అన్న ప్రశ్న ఎంత స్ట్రాంగ్ అన్నదానికి తోబుట్టువే. మూడో కొలతగా కారాన్ని చేర్చడం వల్ల తాగేవాడికైనా ఒరిగేది లేదు.

హైదరాబాద్‌లోని మైక్రోబ్రూవరీలు ఈ రకాన్ని ప్రయత్నించాలనుకుంటే మొదటి చిక్కు మిరపకాయతోనే వస్తుంది. మెక్సికోలో హలపేన్యోను పొగబెట్టి చిపోట్లే చేయడానికి కారణం దాని కండ మందం. ఎండలో వేస్తే ఆరేలోపే కుళ్లుతుంది. మన గుంటూరు, ఖమ్మం మిరప పల్చని తోలుది, కల్లంలో ఎండకే గలగలలాడేలా ఎండుతుంది, పొగ అవసరమే పడలేదు. కాబట్టి వాటిలోని తేజ రకం కాయల్ని తెచ్చి పోర్టర్‌లో పడేస్తే దిగేది మంటే, చిపోట్లే ఇచ్చే పొగా పండు రుచీ కాదు. పొగ బరువును మాల్టు మీద వేసి, మిరపలో కారం తక్కువ, రంగు, వాసన ఎక్కువ ఉన్న రకాన్ని వెతకాలి. వరంగల్ చపాటా అలాంటిదే: కండ ఎక్కువ, కారం తక్కువ, ఎర్రదనం నిండుగా ఉంటుంది. దాన్ని మామిడి కట్టె పొగ మీద ఆరబెట్టి చూడొచ్చు, గింజల పొర తీసేసి, పులియడం పూర్తయ్యాక కొద్దికొద్దిగా వేస్తూ. ఎన్ని కాయలు చాలో తేల్చడానికి మాత్రం చెంచాతో చప్పరిస్తే కుదరదు. గ్లాసు పోసుకుని, నిమిషానికో గుక్క చొప్పున సగం దాకా పోయి, అక్కడ మాల్టు ఇంకా తెలుస్తుందో లేదో చూసుకోవాలి.