కంతు తేదీ పంటను చూసి పెట్టాలి



ఫైనాన్స్ సంస్థల మీద రిజర్వ్ బ్యాంకు రూల్సు పెట్టింది. అవి అప్పు ఎంత ఇవ్వాలో చూస్తున్నాయి, బాగుంది. ఎప్పుడు కట్టించుకోవాలన్నది మాత్రం మన ఊళ్లలో ఎవరూ చూడటం లేదు. మా బాధ అదే.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రూలు ఇది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేది మైక్రో ఫైనాన్స్ అప్పు. ఇంట్లో అన్ని అప్పుల కంతులు కలిపినా నెల ఆదాయంలో సగం దాటకూడదు. పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు.

సరే, మనకు నెల ఆదాయం ఎక్కడుంది? రెండో జ్వరం లేచిన పురుగు తెచ్చుకుంటే గూళ్లు విడిపించి మార్కెట్‌కు పోయేసరికి మూడు వారాలు దాటుతుంది. అప్పటిదాకా చేతికి రూపాయి రాదు, కంతు మాత్రం వారం వారం వస్తుంది. అది కట్టడానికి రీలరు దగ్గర అడ్వాన్సు తీసుకుంటే గూళ్ల ధర ఆయన చెప్పిందే.

భూమికీ నష్టమే. కంతు తొందరలో షెడ్డు కడిగి, బ్లీచింగ్ కొట్టి, ఆరబెట్టే రోజులు తగ్గించి మళ్లీ చాకీ దించుతున్నారు. పాలరోగం, సున్నకట్టు రోగం అలాగే అంటుకుంటాయి. ఆకు త్వరగా రావాలని యూరియా ఎక్కువ, బోరు ఎక్కువ. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో ఊరే నీళ్లకంటే తోడేది ఎక్కువని కేంద్ర భూగర్భ జల మండలే చెప్పింది.

గట్టి చట్టం తెస్తే చాలదా అని కొందరంటారు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తెచ్చింది. వసూలు వేధింపులకు అడ్డు పడింది గానీ కొత్త అప్పులూ ఆగి, చాలామంది మళ్లీ వడ్డీ వ్యాపారి గడప తొక్కారు. 2025లో కర్ణాటక కూడా వేధింపులకు 10 ఏళ్ల దాకా జైలు పెట్టింది. బెదిరింపు ఆగాల్సిందే, కానీ జైలు భయంతో కంతు తేదీ మారదు.

దారి ఆ 2022 రూల్సులోనే ఉంది. కట్టే గడువులు అప్పు తీసుకునేవాళ్ల అవసరానికి తగ్గట్టు పెట్టే వీలు ఉండేలా ప్రతి సంస్థా విధానం రాసుకోవాలి. ముందే కట్టేస్తే జరిమానా వేయకూడదు. ఈ మాట మనకు ఎవరూ చెప్పరు, మనమే అడగాలి.

సంతకం పెట్టకముందే అడుగుదాం. ఒక్కరుగా కాదు, సంఘంగా అడుగుదాం. మార్కెట్ చీటీలు దాచి, మన డబ్బు ఏ రోజుల్లో వస్తుందో చూపిద్దాం. బ్యాంకులో వ్యవసాయ అప్పు 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వాలి, ముందు అక్కడ అడిగి చూద్దాం.

రిజర్వ్ బ్యాంకుకు మా మనవి ఒక్కటే. కాగితం మీద ఉన్న ఆ వీలును అప్పు పత్రంలోనే రాయించండి: గూళ్లు అమ్మాకే కంతు అని.