తాయెత్తు కట్టేముందు కళ్లు చూపించండి

పిల్లాడికి చదువు అబ్బకపోతే పెద్దల దగ్గర కారణాలు సిద్ధంగా ఉంటాయి: దిష్టి తగిలింది, జాతకం బాగాలేదు, సరస్వతీ కటాక్షం లేదు. పోలవరం చుట్టుపక్కలా ఇదే వరస. మెళ్లో తాయెత్తు, చేతికి నల్లతాడు, పట్టిసం వీరభద్రుడికి మొక్కు.

ఈ వైద్యంలో ఒక సౌకర్యం ఉంది. పాసైతే గొప్ప తాయెత్తుది, ఫెయిలైతే తప్పు పిల్లాడి జాతకానిది. ఎటు తిరిగినా తాయెత్తుకు ఓటమి లేదు. ఓడిపోయే వీలే లేని నమ్మకాన్ని పరీక్షించేదెలా?

పిల్లాణ్ణి మాత్రం పరీక్షించవచ్చు. బోర్డు మీది లెక్క తప్పుగా ఎక్కించుకునేవాడు, పక్కవాడి నోటుబుక్కులోంచి తప్పు లేకుండా దించుకుంటున్నాడా? అయితే ముందు చూపు సంగతి తేల్చాలి. ఒక్క కళ్లజోడుతో తీరే ఇబ్బంది కావచ్చది. నోటితో అడిగితే ఠకీమని చెప్పేవాడు, చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాడా? అది డిస్లెక్సియా కావచ్చు. ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గాన్ 1896లోనే అలాంటి 14 ఏళ్ల కుర్రాడి గురించి రాశాడు: తెలివికి లోటు లేదు, చదవడమే రాదు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా ఇలాంటి అభ్యసన వైకల్యాలను గుర్తించింది. క్లాసులో ఎప్పుడూ నీరసంగా తూగే పిల్లకు రక్తహీనత ఉందేమో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించాలి.

పోలవరం ఏజెన్సీలో ఇంకో కారణముంది. ఇంట్లో కోయ మాట్లాడే బిడ్డకు తెలుగు వాచకం పరాయి భాషే. ఈ సంగతి తెలిసే 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోయతో సహా 8 గిరిజన భాషల్లో ప్రాథమిక విద్యకు కార్యక్రమం మొదలుపెట్టింది. దానికితోడు, పోలవరం ప్రాజెక్టు కోసం ఊరు ఖాళీచేసి కాలనీకి వచ్చిన పిల్లలకు బడి, టీచరు, జతగాళ్లు అన్నీ ఒక్కసారే మారిపోయాయి. అలాంటివాడు పాఠంలో వెనకబడితే శని పట్టిందనడం చాలా సులువు. శాంతి చేయించుకుంటే సరి. కోయ వచ్చిన టీచర్ని వేయమని ఏ ఆఫీసునూ అడగక్కర్లేదు. తప్పు గ్రహాల మీదికి నెట్టేస్తే ప్రభుత్వం, బడి, ఇల్లు మూడూ బయటపడతాయి. ఇరుక్కునేది పిల్లాడొక్కడే.

"తాయెత్తు కడితే నష్టమేముంది?" అంటారు. ఉంది. మూడో తరగతిలో పెట్టించాల్సిన కళ్లజోడు ఏడో తరగతిదాకా వాయిదా పడుతుంది. ఆ నాలుగేళ్లూ "మొద్దు" అనిపించుకున్న పిల్లాడు, చివరికి ఆ మాటే నిజమనుకుంటాడు.