ఒక్క బాజూ చాలదు భాయ్

మన ఇండ్లల్లో ఏ ఖర్చు వచ్చినా ముందు నోట్లోంచి వచ్చే మాట "అభీ ఇత్తా బస్". ఇప్పటికి ఇంత చాలు. పరదాలకు, చెప్పులకు, ఇంటి సున్నానికి ఆ లెక్క నడుస్తుంది. కారు బ్రేకులకు నడవదు. ఎవరినో తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆ గల్తీ చేసినోణ్ణి నేనే.

పోయిన వానాకాలం కుప్పంలో మా ఖాలా కూతురి నికా. రెండు రోజుల ముందు మదనపల్లెలో షెడ్డుకు పోయి కారు చూపించాను. ముందు ఎడమ చక్రం ప్యాడు పూర్తిగా అరిగి, ఇనుము డిస్కుకు రాసుకుంటోంది. కుడివైపు చూసి "ఇంకా కొంచెం ఉంది భాయ్" అన్నాడు మెకానిక్. "అయితే ఒక్క బాజూ వెయ్, షాదీ ఖర్చులున్నాయి" అన్నాను. అతను నసిగాడు. నేను జిద్దు చేశాను. సగం డబ్బులే తీసుకున్నాడు. బచత్ అయిందని నేను ఖుషీ.

పుంగనూరు దాటి పలమనేరు దోవలో పోతున్నాం. సన్నగా వాన. ముందు పోతున్న టమోటా లారీ ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు గట్టిగా తొక్కాను. కారు ఆగింది గానీ నేరుగా ఆగలేదు. స్టీరింగు చేతుల్లోంచి ఎవరో గుంజుకున్నట్టు ఎడమకు తిరిగి, రోడ్డు దిగి, చింతచెట్టుకు జానెడు దూరంలో నిలబడింది. వెనక సీట్లో అమ్మీ, నా బీవీ, ఇద్దరు పిల్లలు. అమ్మీ కుప్పం చేరేదాకా కలిమా చదువుతూనే ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

బ్రేకు తొక్కితే ఆయిల్ ఒత్తిడి ముందున్న రెండు చక్రాలకూ ఒకే రీతిన పోవాలి. ఒత్తిడి సమానంగా పోయినా పట్టు సమానంగా రావాలంటే రెండువైపులా ప్యాడ్లు ఒకే రకంవి, ఒకే తీరుగా అరిగినవి కావాలి. ఒకపక్క కొత్తది, ఇంకోపక్క వేడికి కాలి అద్దంలా నునుపెక్కినది ఉంటే, పట్టు ఎక్కువున్న పక్కకు బండి గుంజుతుంది. ఊళ్ళో మెల్లగా పోయేటప్పుడు తెలియదు. వానలో, వేగంలో, హార్స్‌లీ హిల్స్ దిగేటప్పుడు తెలుస్తుంది. పలమనేరు, కుప్పం మధ్య కౌండిన్య అడవి దగ్గర చీకట్లో ఏనుగు అడ్డమొచ్చినా తెలుస్తుంది. ఆపేటప్పుడు బండి బరువు ముందుకే వాలుతుంది కాబట్టి ముందు చక్రాల్లో ఈ తేడా మరీ ఖతర్నాక్. ప్యాడ్ల పెట్టెలో నాలుగు వస్తాయి, చక్రానికి రెండు చొప్పున. కంపెనీవాడు ఊరికే అట్లా అమ్మడం లేదు. వెనక డ్రమ్ములున్న బండ్లకు షూలదీ ఇదే ఖాయిదా. డిస్కులూ రెండూ కలిపి మార్చడమే మేలు.

అట్లాగని "అన్నీ రెండు రెండు మార్చాలి సాబ్" అని బిల్లు పెంచే వాళ్ళ మాటా నమ్మకండి. ఒక క్యాలిపర్ పాడైతే, రెండోది పరీక్ష చేసి బాగుందని తేలితే, ఒక్కటే మార్చుకోవచ్చు. వీల్ బేరింగ్ కూడా అంతే. వెనక ఒక సిలిండర్ కారి షూల మీద ఆయిల్ పడిందా, సిలిండర్ ఒకటి మార్చినా షూలు మాత్రం రెండువైపులా కొత్తవి పడాల్సిందే.

ఇంకో సవాలు ఎవరూ అడగరు. ఒక పక్కే ఎందుకు ముందుగా అరిగింది? నా బండికి క్యాలిపర్ పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది, ప్యాడు ఎప్పుడూ డిస్కుకు అంటుకునే ఉంది. ఆ పిన్ను శుభ్రం చేసి గ్రీజు పెట్టకుండా ఎన్ని కొత్త ప్యాడ్లు వేసినా బేకార్.

ఈ సంగతి చెప్తే మా మామూ "మాది కొత్త బండి, ఏబీఎస్ ఉంది" అంటాడు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోయి జారకుండా చూస్తుంది. అరిగిన ప్యాడును కొత్తది చేయదు. ఇంకొందరు "అల్లా మాలిక్" అని చేతులు దులుపుకుంటారు. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయాలని మక్తబ్‌కు పోయే పిల్లలకు కూడా తెలుసు. వలీమాలో ఇంకో రకం మీఠా పెట్టడానికి వెనకాడని మనం, బాల్‌బచ్చాల జాన్ దగ్గర సగం సెట్టుకు బేరమాడతామా? దాన్ని కిఫాయత్ అనడం నాకు సిగ్గుగా ఉంది.

మెకానిక్కులనూ వదలను. మన మూడు ఊర్లలో పానా పట్టిన చేతులు ఎన్నో మన పిల్లలవే. వాళ్ళకు ఇల్మ్ లేక కాదు, గిరాకీ పోతుందనే భయం. బేటా, బండి నీ చేతిలో ఉన్నంతసేపూ అది అమానత్. గిరాకీ జిద్దు చేస్తే "నేను వేయను" అని చెప్పే హక్కు నీకుంది.

కుప్పం నుంచి తిరిగొచ్చి రెండువైపులా కొత్త సెట్టు వేయించాను. అప్పుడు అడిగాను, "మొన్న పెట్టెలో మిగిలిన రెండు ప్యాడ్లు ఏం చేశావు?" అని. తల దించుకున్నాడు. అదే రోజు పుంగనూరు నుంచి వచ్చిన ఇంకో బండికి, ఒక్క బాజూకే వేశాడంట. వాళ్ళూ నాలాగే బేరమాడారంట. నంబరు రాసుకోలేదు, ఫోను లేదు. పుంగనూరు భాయియో, బెహనో, పోయిన వానాకాలం మదనపల్లెలో ముందు ఒక్క చక్రానికే ప్యాడ్లు వేయించుకున్నది మీరైతే, ఈ జుమ్మాలోపు రెండు చక్రాలూ విప్పించి చూపించుకోండి.