అండమాన్ వెళ్దాం గానీ...



పోయిన నెల గోడపత్రికలో పదో తరగతి అక్క ఒకామె "డబ్బులుంటే అండమాన్ వెళ్లి రావాలి" అని రాసింది. చాలా బాగా రాసింది. తెల్లటి ఇసుక, నీలం నీళ్లు, నీళ్ల అడుగున పగడాలు, పెద్ద పెద్ద చేపలు. ఆ రాత్రి లైటు ఆపేదాకా మా గదిలో అదే మాట. నేను ఇంతవరకు సముద్రం చూడలేదు. మా వాగే నాకు సముద్రం. అయితే ఆ వ్యాసం చివర్లో "అదృష్టం ఉంటే దారిలో అడవి మనుషులు కూడా కనిపిస్తారు" అని రాసి, పేపర్లో వచ్చిన జరావాల బొమ్మ అంటించింది. చూసినవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నిజం చెప్పాలి గదా. తర్వాత పడుకున్నాక నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను. అక్క మీద కోపంతో కాదు.

ముందు, వెళ్లాలి అన్న మాటకు నేను కూడా ఒప్పుకుంటాను. మన వంట అక్కది శ్రీకాకుళం సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ల తమ్ముడు అక్కడ బోటు మీద పని చేస్తున్నాడు. "ఏటనుకున్నావే, జంగ్లీఘాట్ రేవులో దిగితే మనోళ్ల మాటే ఇనబడతాదంట" అని చెప్పింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఉందట ఆ రేవు. ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లిన చేపల వాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. కోనాం, సొర, సూర, టేకు పడతారు. ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. అంతసేపు చుట్టూ నీళ్లే ఉంటే భయం వేయదా అని అడిగితే వంట అక్క నవ్వింది. "మీ కొండ సూస్తే నాకు భయం" అంది.

డబ్బున్నవాళ్లు అక్కడికి సరదాకి చేపలు పట్టడానికి కూడా వస్తారు. ముప్పై నలభై కిలోల చేపను గాలానికి పట్టి, ఎత్తి ఫొటో తీయించుకుని, మళ్లీ నీళ్లలో వదిలేస్తారట. మా అయ్యకి చెప్తే నమ్మలేదు. మా ఊళ్లో చేపను పట్టి వదిలేస్తే పిచ్చోడంటారు. వదిలేయడం మంచిదే అని సైన్సు సార్ చెప్పారు, చేపలు తగ్గిపోకుండా ఉంటాయట. సరే, అది వేరే సంగతి.

జైలు కూడా చూడాలి. తెల్లవాళ్లు కట్టిన ఆ జైలుకి 7 వరసలుండేవి, ఇప్పుడు 3 మిగిలాయి. అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడిన గాం మల్లుదొరను అండమాన్ జైలుకే పంపారు. తిరిగి వచ్చి 1952లో పార్లమెంటుకు గెలిచాడు. మన కొండల మనిషి. అక్క వ్యాసంలో మల్లుదొర పేరు లేదు గనుక ఇక్కడ రాశాను.

ఇక జరావాల సంగతి. 2011 లెక్కల్లో వాళ్లు 380 మంది. మగవాళ్లు విల్లుతో చేపలు కొడతారు, ఆడవాళ్లు లోతు లేని నీళ్లలో చిన్న వలలతో పడతారు. వాళ్ల అడవి మధ్య నుంచి పెద్ద రోడ్డు పోతుంది. ఆ రోడ్డు మూసేయమని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. మూయలేదు. అవతల ఉన్న గుహలు చూస్తామని బళ్లు వరసగా పోయేవి, అసలు చూసేది దారిలో మనుషుల్ని. 2012లో ఒక వీడియో బయటికొచ్చింది. తిండి చూపించి జరావా ఆడపిల్లల్ని డాన్సు చేయమంటున్నారు. 2013 జనవరిలో కోర్టు యాత్రికుల్ని ఆ రోడ్డు మీద ఆపేసింది, మార్చిలో మళ్లీ వదిలేసింది.

ఈ వీడియో సంగతి సోషల్ సార్ చెప్పినప్పుడు నాకు అనంతగిరి ఘాట్ రోడ్డు గుర్తొచ్చింది. నేను అయిదో తరగతి. అమ్మా నేనూ పనసపళ్లు అమ్మడానికి రోడ్డు పక్కన కూర్చున్నాం. ఒక కారు ఆగింది. పళ్లు కొంటారనుకున్నాం. ఒకాయన బిస్కెట్ పాకెట్టు చూపించి "ఏదీ, థింసా ఆడు" అన్నాడు. నేను ఆడాను. రెండు అడుగులు వేశాను. వాళ్లు ఫొటో తీసుకుని పాకెట్టు విసిరి వెళ్లిపోయారు. పళ్లు కొనలేదు. అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. బిస్కెట్లు మాత్రం నేను తిన్నాను. ఆకలి వేసింది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

థింసా పండగకి ఆడతాం, పెళ్లికి ఆడతాం. పక్కవాళ్ల నడుం పట్టుకుని ఆడేది. ఒక్కదాన్ని రోడ్డు మీద ఆడితే అది థింసా కాదు.

మా గదిలో ఒక స్నేహితురాలు వాదించింది. "రోడ్డు మూసేస్తే ఉత్తరం వైపు ఊళ్ల వాళ్లు ఆస్పత్రికి ఎలా పోతారు?" అని. నాకు వెంటనే జవాబు రాలేదు. రోడ్డు లేక డోలీ కట్టి మోసుకెళ్లే ఊరు మాది. మా పిన్నిని అలాగే మోశారు. కాబట్టి రోడ్డు మూసేయమని నేను అనలేను. రోగి పోవాలి, బియ్యం బస్తా పోవాలి. కెమెరా పట్టుకుని మనుషుల్ని చూడ్డానికి పోయే బండి ఎందుకు? అది ఒక్కటి ఆపితే ఎవరి ప్రాణం పోతుంది?

చూస్తే ఏమైపోతుంది అని కూడా అడిగారు. 1858లో తెల్లవాళ్లు అక్కడ ఖైదీల ఊరు పెట్టినప్పుడు గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవాళ్లు. తట్టు లాంటి జబ్బులు అంటుకుని చచ్చిపోయారు. 2011 లెక్కల్లో 44 మంది. వాళ్లలో బో భాష వచ్చిన చివరి మనిషి బోవా సీనియర్ అనే ముసలమ్మ 2010 జనవరిలో చనిపోయింది. చివరి రోజుల్లో ఆ భాషలో ఆమెతో మాట్లాడ్డానికి ఎవరూ లేరు. ఇది చదివిన ఆదివారం మా నానమ్మ హాస్టల్‌కి వచ్చింది. నేను గేటు దగ్గరే, అందరూ వింటుండగా, గట్టిగా కువిలో మాట్లాడాను. అంతకు ముందు చింతచెట్టు కిందకి తీసుకెళ్లి మెల్లగా మాట్లాడేదాన్ని.

అక్కా, మనం అండమాన్ వెళ్దాం. చేపల రేవు చూద్దాం, జైలు చూద్దాం, సముద్రంలో మోకాళ్ల దాకా దిగుదాం. ఆ రోడ్డు మీద మాత్రం నేను రాను. గుహలు మనకి బొర్రాలో ఉన్నాయి గదా.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. ఆ బొమ్మ ఇంకా గోడ మీదే ఉంది. దాని కింద "అడవి మనుషులు" అన్న మాట కొట్టేసి "జరావాలు" అని రాయనివ్వండి. పెన్ను నేనే తెస్తాను.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని