పువ్వులో నల్ల పురుగు

2021 డిసెంబరు. కొవిడ్ పుణ్యమా అని పొన్నూరులో ఇంటి నుంచే పనిచేస్తున్న రోజులు. మీటింగ్ మధ్యలో ప్రత్తిపాడు వైపు ఉండే మా మావయ్య వాట్సాప్‌లో ఫొటో పంపాడు. తెల్లటి మిరప పువ్వు, లోపల నల్లటి నలుసులు. "కంప్యూటర్‌లో కొట్టి చూడరా, ఇదేం పురుగో" అన్నాడు.

మాది వరి, మినుము పండే ఊరు. మిరప గురించి నాకు తెలిసింది పచ్చడి వరకే. మావయ్యకి మాత్రం తామర పురుగు కొత్త కాదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఇన్నేళ్లూ ఆ లెక్క తప్పలేదు. ఆ ఏడు మాత్రం పూతే రాలిపోతోంది. మందుల షాపులో "తామర పురుగే, డోసు పెంచు" అన్నారట. పెంచాడు. తర్వాత మూడు మందులు కలిపి కొట్టాడు. పూత ఆగలేదు, అప్పు మాత్రం పెరిగింది.

అది పాత తామర పురుగు కాదు. థ్రిప్స్ పార్విస్పైనస్ అనే ఆగ్నేయాసియా పురుగు. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద ఉన్నట్టు తేలింది. 2021లో మన మిరప తోటల మీద విరుచుకుపడింది. రైతులు పెట్టిన పేరు నల్ల తామర పురుగు.

రంగు చూసి చెప్పేయొచ్చుగా అనుకున్నా. కుదరదు. నల్లగా ఉండేది ఆడది, మగది పసుపు. పిల్ల పురుగులు ఏ జాతివైనా దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక మిల్లీమీటరు పురుగుని గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో మీసాల కణుపులు లెక్కపెడతారు. పాతదానికి 8, కొత్తదానికి 7. రెక్కల మీది వెంట్రుకల వరుసలూ చూస్తారు. అప్పటికీ తేలకపోతే డీఎన్‌ఏ. సీఓ1 అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్క చదివి, తెలిసిన జాతులతో పోలుస్తారు. మా భాషలో చెప్పాలంటే, ఫైలు పేరుని నమ్మకుండా లోపలి కోడ్ పోల్చడం. ఇంకో తమాషా, మన పాత తామర పురుగునే అలా చదివితే ఒక్క పేరు కింద కనీసం 9 జాతులు ఉన్నట్టు తేలింది!

కంటికీ డీఎన్‌ఏకీ ఇలా పేచీ రావడం సముద్రం అడుగునా జరిగింది. 1977లో గాలాపగోస్ దగ్గర, సుమారు రెండున్నర కిలోమీటర్ల లోతున, వేడినీటి బుగ్గల చుట్టూ మనిషంత పొడవు గొట్టపు పురుగులు కనిపించాయి. పెద్దవాటికి నోరు లేదు, పేగు లేదు. ఒంట్లోని బ్యాక్టీరియానే తిండి పెడుతుంది. ఆ శరీరం చూసి 1985లో మెరెడిత్ జోన్స్ అనే శాస్త్రవేత్త వాటికో ప్రత్యేక వర్గమే కట్టాడు. తర్వాత డీఎన్‌ఏ చదివితే అవి మన పొలంలో వానపాముల బంధువులేనని తేలింది.

అక్కడ పేరు మారితే పుస్తకం మారింది. ఇక్కడ పంటే పోయింది. పాతది లేత ఆకుల మీద ఉంటుంది. ఇది పువ్వులో దూరుతుంది, అక్కడికి మందు సరిగా చేరదు. కోశస్థ దశ మట్టిలో గడుపుతుంది. కొట్టిన మందులకి దీన్ని తినే మిత్ర పురుగులు చచ్చాయి. మందులు కలపొద్దు, నీలి జిగురు అట్టలు పెట్టండి అని శాస్త్రవేత్తలు చెప్పే వేళకి మావయ్య తోట దున్నేసి మొక్కజొన్న వేసేశాడు.

మరుసటేడు మళ్లీ మిరపే వేశాడు. (మిరప రైతుకి మిరప మీద ఆశ చావదు.) నేనో భూతద్దం కొనిచ్చా. ఇప్పుడు పూత రాగానే తెల్ల కాగితం మీద పువ్వు దులిపి చూస్తాడు. మొన్న ఫోన్ చేశాడు.

"నల్లవి నాలుగు పడ్డాయిరా. మీసాల కణుపులు మాత్రం నీ అద్దంలో కనపడి చావట్లేదు. ఎక్కడికి పంపాలో కనుక్కో, ఈసారి తెలిశాకే మందు కొంటా."